పెద్ద ఛార్జరు – చిన్న అక్షరాలు



మనం అక్షరాలు నేర్చుకున్నాం. పేరు రాస్తున్నాం. బస్సు బోర్డు చదువుతున్నాం. సంఘం పుస్తకంలో లెక్క చూసుకుంటున్నాం. ఈ రోజు ఇంకో చదువు చదువుదాం. ఛార్జరు మీద ఉండే చదువు. అవి చీమ తలకాయంత అక్షరాలు. కానీ వాటిలో చాలా సంగతి ఉంది.

ముందు ఒక కథ వినండి.

ఆ రాత్రి

ఒక ఊళ్ళో ఒక అత్త, కోడలు ఉన్నారు. కోడలికి నెలలు నిండాయి. కొడుకు పనికోసం పట్నం పోయాడు. ఒక రాత్రి గాలివాన వచ్చింది. కరెంటు పోయింది. ఆ రాత్రే కోడలికి నొప్పులు మొదలయ్యాయి.

అత్త ఫోను తీసింది. 108కి చెయ్యాలి. ఫోనులో ఛార్జింగు లేదు. నల్లగా ఉంది.

కొంతసేపటికి కరెంటు వచ్చింది. అత్త పరుగున పోయి ఛార్జింగు పెట్టింది. పది నిమిషాలు ఉండి కరెంటు మళ్ళీ పోయింది. అత్త ఫోను నొక్కింది. వెలుగొచ్చింది. నంబరు నొక్కుతుండగానే ఆరిపోయింది.

అత్త వానలోనే పక్కింటికి పరుగెత్తింది. ఆ ఇంటి వదిన ఫోను కూడా అదే పది నిమిషాలు ఛార్జింగులో ఉంది. కానీ ఆమె ఫోను పనిచేసింది. 108 బండి వచ్చింది. తల్లీ బిడ్డా క్షేమం.

కానీ అత్తకు ఒక అనుమానం పట్టుకుంది. "అదే కరెంటు. అవే పది నిమిషాలు. దాని ఫోను ఎక్కింది, నాది ఎందుకు ఎక్కలేదు?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు ఛార్జరు మీదే రాసి ఉంది.

సంతలో కొన్న ఛార్జరు

అత్త ఊరుకోలేదు. వారం సంతకు పోయింది. "గబగబా ఎక్కే ఛార్జరు ఇవ్వు నాయనా" అంది. అమ్మేవాడు ఒకటి ఇచ్చాడు. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో "65 వాట్లు, ఫాస్ట్ ఛార్జింగ్" అని ఉంది. వెల 150 రూపాయలు. బిల్లు లేదు.

ఇంటికి తెచ్చి పెట్టింది. ఫోను ఎప్పటిలాగే నత్తలా ఎక్కింది. పైగా ఛార్జరు చెయ్యి పెట్టలేనంత కాలింది.

మరుసటి రోజు అత్త దాన్ని చదువు కేంద్రానికి తెచ్చింది. "మనం చదువు నేర్చుకున్నాం గదా! దీని మీద ఏముందో చదవండమ్మా" అంది. అందరం ముందుకు వంగి చూశాం.

మూడు అక్షరాలు నేర్చుకుందాం

ఛార్జరు మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. భయం వద్దు. మూడు అక్షరాలు తెలిస్తే చాలు.

మొదటిది వి. ఇది గరాటులా ఉంటుంది. పైన వెడల్పు, కింద మొన. వి అంటే వోల్టులు.

రెండోది ఎ. ఇది గుడిసెలా ఉంటుంది. మధ్యలో ఒక అడ్డగీత ఉంటుంది. ఎ అంటే ఆంపియర్లు.

మూడోది డబ్ల్యు. రెండు గరాట్లు పక్కపక్కన పెట్టినట్లు ఉంటుంది. డబ్ల్యు అంటే వాట్లు.

వీటి అర్థం ఏమిటి? నీళ్ళ ట్యాంకును తలుచుకోండి. ట్యాంకు ఎత్తుగా ఉంటే నీళ్ళు తోపుగా వస్తాయి. ఆ తోపు వోల్టుల లాంటిది. పైపు లావుగా ఉంటే ఎక్కువ నీళ్ళు పారతాయి. ఆ పారుదల ఆంపియర్ల లాంటిది. తోపూ ఉండాలి, పారుదలా ఉండాలి. రెండూ కలిస్తేనే కరెంటు బలం. ఆ బలమే వాట్లు.

లెక్క చాలా తేలిక. వోల్టులను ఆంపియర్లతో హెచ్చించండి. వాట్లు వస్తాయి.

ఛార్జరు మీద రెండు వరుసలు ఉంటాయి. ఒకటి ఇన్‌పుట్. అంటే గోడ నుంచి లోపలికి వచ్చే కరెంటు. మన ఇళ్ళలో అది 230 వోల్టులు. రెండోది అవుట్‌పుట్. అంటే ఫోనుకు పోయే కరెంటు. ఈ మాట గుండ్రటి సున్నా లాంటి అక్షరంతో మొదలవుతుంది. మనకు కావలసిన వరుస ఇదే.

అత్త తెచ్చిన ఛార్జరు మీద అవుట్‌పుట్ వరుసలో ఏముంది? 5 వి, 1 ఎ అని ఉంది.

5ను 1తో హెచ్చిస్తే 5. అంటే 5 వాట్లు!

అట్ట మీద 65. ఒంటి మీద 5. అత్త తల పట్టుకుంది. "పెద్ద అక్షరాలు అబద్ధం చెప్పాయి. చిన్న అక్షరాలు నిజం చెప్పాయి" అంది.

తర్వాత పక్కింటి వదిన ఛార్జరు చూశాం. దాని మీద 9 వి, 2 ఎ అని ఉంది. 9 రెళ్ళు 18. అంటే 18 వాట్లు. ఆమె ఫోనుకు 18 వాట్లు తీసుకునే శక్తి ఉంది. అందుకే ఆ పది నిమిషాల్లో ఆమె ఫోనులోకి మూడింతలకు పైగా ఎక్కింది. 108కి చెయ్యడానికి అది చాలింది.

ఎంతసేపు పడుతుంది?

ఇప్పుడు చాలా ఫోన్లలో ఉండే బ్యాటరీ 5000 మిల్లీ ఆంపియర్ గంటలది. అందులో పట్టే శక్తి సుమారు 19 వాట్ గంటలు. అంటే నష్టం ఏమీ లేకపోతే 19 వాట్ల ఛార్జరు గంటలో నింపే శక్తి.

5 వాట్ల ఛార్జరు అయితే? 19ని 5తో భాగించండి. నాలుగు గంటలకు దగ్గర.

10 వాట్లు అయితే? రెండు గంటలకు దగ్గర.

18 వాట్లు అయితే? గంటకు కొంచెం ఎక్కువ.

ఇది కాగితం మీది లెక్క. కొంత శక్తి వేడిగా పోతుంది. చివర్లో ఛార్జింగు నెమ్మదిస్తుంది. కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువ సేపే పడుతుంది.

ల్యాప్‌టాప్ బ్యాటరీ ఇంకా పెద్దది. చాలావాటిలో 50 వాట్ గంటలు, ఆ పైన ఉంటుంది. అందుకే దానికి 65 వాట్ల ఛార్జరు ఇస్తారు. దాని మీద 20 వి, 3.25 ఎ అని ఉంటుంది. హెచ్చించి చూడండి. సరిగ్గా 65 వస్తుంది. పిల్లల ల్యాప్‌టాప్‌కు చిన్న ఫోను ఛార్జరు పెడితే ఎక్కదు. ఎక్కినా నత్తనడకే. చిన్న చెంబుతో గోలెం నింపినట్లు ఉంటుంది.

బ్యాటరీ లోపల ఏముంది?

మన ఫోన్లలో ఉండేది లిథియం బ్యాటరీ. ఇది 1991లో మొదటిసారి అమ్మకానికి వచ్చింది. జపాన్‌లోని సోనీ కంపెనీ తెచ్చింది. దీన్ని తయారుచెయ్యడానికి దారి చూపిన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమానం ఇచ్చారు. వాళ్ళు జాన్ గుడ్ఎనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యోషినో.

బ్యాటరీలో రెండు వైపులు ఉంటాయి. మధ్యలో ఒక ద్రవం ఉంటుంది. లిథియం అనే లోహపు రేణువులు కంటికి కనపడనంత చిన్నవి. ఛార్జింగు పెడితే అవి ఒక వైపు నుంచి ఇంకో వైపు పోతాయి. అక్కడ గ్రాఫైటు పొరలు ఉంటాయి. గ్రాఫైటు అంటే కొత్తదేం కాదు. మనం రాసే పెన్సిలు ముల్లులో ఉండేది అదే. ఆ పొరల మధ్య లిథియం రేణువులు సర్దుకుని కూర్చుంటాయి. ఫోను వాడేటప్పుడు మళ్ళీ వెనక్కి వస్తాయి. పోవడం, రావడం. ఇదే బ్యాటరీ బతుకు.

పల్లె బస్సును తలుచుకోండి. బస్సు ఖాళీగా వచ్చింది. జనం గబగబా ఎక్కి కూర్చుంటారు. సగం నిండేదాకా ఇబ్బంది లేదు. తర్వాత సీటు వెతుక్కోవాలి. చివరి నాలుగు సీట్లకు ఒక్కొక్కరే పోవాలి. అందరూ ఒక్కసారి తోసుకుంటే ఏమవుతుంది? గుమ్మం దగ్గరే ఇరుక్కుంటారు.

బ్యాటరీలోనూ అంతే. ఖాళీగా ఉన్నప్పుడు గబగబా ఎక్కించవచ్చు. నిండే కొద్దీ నెమ్మది చెయ్యాలి. అలా చెయ్యకపోతే లిథియం పొరల మధ్యకు పోదు. పైనే లోహంగా పేరుకుంటుంది. దానివల్ల బ్యాటరీ పట్టు తగ్గుతుంది. ప్రమాదం కూడా.

అందుకే ఫోను లోపల ఒక చిన్న కాపలాదారు ఉంది. అది ఒక చిప్పు. మొదట గబగబా పోనిస్తుంది. తర్వాత తగ్గిస్తుంది. నిండగానే ఆపేస్తుంది. "మొదటి సగం అరగంటలో ఎక్కింది, చివరి పది శాతానికి ఇంతసేపా?" అని ఫోను మీద కోపం తెచ్చుకోవద్దు. అది తన మంచికే ఆగుతోంది.

మనం తెలుసుకోవలసింది ఒకటే. తొందరలో ఉంటే సగం ఎక్కినా చాలు. పూర్తిగా నిండేదాకా కూర్చోనక్కర లేదు.

పెద్ద ఛార్జరు పెడితే ఫోను పాడవుతుందా?

చాలామంది ఈ మాట అడుగుతారు. "ల్యాప్‌టాప్ ఛార్జరు ఫోనుకు పెడితే పేలిపోదా?"

మంచి ఛార్జరు అయితే పాడవదు. ఎందుకో చూడండి. ఇప్పటి సి రకం తీగలో కరెంటు పోయే తీగలే కాదు, మాటలు పోయే తీగ కూడా ఉంటుంది. తీగ గుచ్చగానే ఛార్జరు ముందు 5 వోల్టులు మాత్రమే ఇస్తుంది. తర్వాత ఛార్జరు, ఫోను మాట్లాడుకుంటాయి.

ఛార్జరు అంటుంది: "నా దగ్గర 5 ఉంది, 9 ఉంది, 15 ఉంది, 20 ఉంది. నీకేం కావాలి?"

ఫోను అంటుంది: "నాకు 9 చాలు."

అప్పుడు ఛార్జరు 9 ఇస్తుంది. ల్యాప్‌టాప్ అయితే 20 అడుగుతుంది. వడ్డించేవాళ్ళు గుండిగ నిండా అన్నం వండినా, మనం కడుపుకు పట్టినంతే పెట్టించుకుంటాం గదా! అలాగే.

ఈ మాటల పద్ధతికి పవర్ డెలివరీ అని పేరు. ఇది 2012లో వచ్చింది. అప్పుడు 100 వాట్ల దాకా పోయేది. 2021లో దాన్ని 240 వాట్లకు పెంచారు. అంటే ఒక్క సి తీగతో పెద్ద ల్యాప్‌టాప్ కూడా నడుస్తుంది.

కొన్ని ఫోను కంపెనీలు తమకే సొంతమైన మాట పెట్టుకున్నాయి. వాటి ఛార్జరు భాష వాటి ఫోనుకే తెలుసు. వేరే ఛార్జరు పెడితే మాట కలవదు. అప్పుడు నెమ్మదిగా ఎక్కుతుంది. పాడవదు. అందుకే ఫోనుతో వచ్చిన ఛార్జరును, తీగను జాగ్రత్తగా దాచుకోవాలి.

ఇంకో సంగతి. చిన్న ఫోనుకు 65 వాట్ల ఛార్జరు పెట్టినా ఫోను ఎంత అడుగుతుందో అంతే తీసుకుంటుంది. మీ ఫోను 18 వాట్లదే అయితే పెద్ద ఛార్జరుకు డబ్బు పెట్టడం దండగ. ముందు ఫోను ఎన్ని వాట్లు తీసుకుంటుందో ఫోను పెట్టె మీద చదవండి.

తీగ సంగతి మరవొద్దు

ఛార్జరు మంచిదే. ఫోను మంచిదే. అయినా నెమ్మదిగా ఎక్కుతోంది. ఎందుకు? తీగ మంచిది కాదు.

సన్న తీగలో ఎక్కువ కరెంటు పోతే తీగ వేడెక్కుతుంది. కరెంటు రెట్టింపు అయితే వేడి నాలుగింతలు అవుతుంది. అందుకే పెద్ద ఛార్జర్లు చాలావరకు ఆంపియర్లు మరీ పెంచవు. వోల్టులు పెంచుతాయి. 5కు బదులు 9, 20 ఇస్తాయి. తీగ చల్లగా ఉంటుంది, పని జరుగుతుంది.

రెండు కొసలా సి రకం ఉన్న మామూలు తీగ 3 ఆంపియర్లు మోస్తుంది. దాంతో 60 వాట్ల దాకా పోతుంది. అంతకు మించాలంటే 5 ఆంపియర్ల తీగ కావాలి. అందులో చిన్న చిప్పు ఉంటుంది. "నేను ఇంత మొయ్యగలను" అని అది ఛార్జరుకు చెబుతుంది. చిప్పు లేకపోతే ఛార్జరు అంత ఎక్కువ ఇవ్వదు.

కరెంటు బిల్లు పెరుగుతుందా?

"గబగబా ఎక్కితే బిల్లు కూడా గబగబా పెరుగుతుంది గదా?" అని ఒక అక్క అడిగింది.

లెక్క చూద్దాం. బిందెడు నీళ్ళు చెంబుతో పోసినా, బకెట్టుతో పోసినా బిందెడే. ఫోను నిండడానికి 19 వాట్ గంటలు కావాలి. వేడిగా పోయేది కలుపుకుని గోడ నుంచి 25 అనుకోండి. ఒక యూనిట్ కరెంటు అంటే 1000 వాట్ గంటలు. వెయ్యిని 25తో భాగిస్తే 40. అంటే ఒక్క యూనిట్‌తో ఫోను 40 సార్లు నిండుతుంది. ఫోనుకు బిల్లు చాలా తక్కువ. భయం వద్దు.

అసలు శత్రువు వేడి

బ్యాటరీకి వేడి పనికిరాదు. వేడిలో అది తొందరగా ముసలిది అవుతుంది. కొన్ని కంపెనీలు 35 డిగ్రీలు దాటిన వేడిలో ఫోను వాడొద్దని రాస్తాయి. మన ఎండాకాలం 40 దాటుతుంది. కాబట్టి ఈ జాగ్రత్తలు పాటించండి.

ఎండలో, పొయ్యి దగ్గర, రేకుల కింద వేడి గదిలో ఛార్జింగు పెట్టొద్దు. ఎండాకాలంలో తెల్లవారుజామున పెట్టడం మంచిది.

దిండు కింద, పరుపు మీద, దుప్పటిలో చుట్టి పెట్టొద్దు. వేడి బయటికి పోయే దారి ఉండదు. గట్టి బల్ల మీద, గచ్చు మీద పెట్టండి.

ఛార్జింగులో ఉండగా పిల్లలకు ఆట ఆడుకోవడానికి ఇవ్వొద్దు. ఆటతో ఒక వేడి, ఛార్జింగుతో ఒక వేడి. రెండూ కలుస్తాయి.

ఫోను ఉబ్బినట్లు కనిపిస్తే వెంటనే వాడడం ఆపండి. ఛార్జింగు పెట్టొద్దు. గుచ్చొద్దు, నొక్కొద్దు. బాగుచేసేవాళ్ళకు చూపించండి.

పొగ, మంట వస్తే చేత్తో ముట్టుకోవద్దు. మెయిన్ స్విచ్చి ఆపండి. పిల్లలను బయటికి పంపండి. 101కి ఫోను చెయ్యండి.

పసిపిల్లలున్న ఇంట్లో

ఇది ముఖ్యం. రెండుసార్లు చదవండి.

మంచి ఛార్జరు లోపల రెండు తీగచుట్టలు ఉంటాయి. ఒకటి గోడ వైపు, అంటే 230 వోల్టుల వైపు. ఇంకోటి ఫోను వైపు. ఈ రెండూ ఒకదాన్నొకటి తాకవు. మధ్యలో కరెంటు దాటని పొరలు ఉంటాయి. అందుకే ఫోను తీగలోకి గోడ కరెంటు రాదు.

నాసిరకం ఛార్జరులో ఆ పొరలు పల్చగా ఉంటాయి. వేడికి కరుగుతాయి. అప్పుడు గోడ కరెంటు నేరుగా ఫోను తీగలోకి రావచ్చు. పసిబిడ్డ ఆ తీగ కొస నోట్లో పెట్టుకుంటే? ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే ఫోను తీయగానే స్విచ్చి ఆపండి. తీగ వేలాడనివ్వొద్దు. తడి చేత్తో ముట్టుకోవద్దు.

కొనేటప్పుడు

పెట్టె మీద పెద్ద అంకె నమ్మొద్దు. ఛార్జరు మీద అవుట్‌పుట్ వరుస చదవండి. వి ఎంత, ఎ ఎంత? హెచ్చించండి. రెండు మూడు జతలు ఉంటే అన్నిటికంటే పెద్దది చూడండి.

మన దేశంలో ఛార్జర్లను భారత ప్రమాణాల సంస్థ దగ్గర నమోదు చెయ్యాలి. అలాంటి ఛార్జరు మీద ఆ సంస్థ గుర్తు ఉంటుంది. ఇంగ్లీషు అక్షరం ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఆ నంబరు నిజమో కాదో బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో చూసుకోవచ్చు. చదువుకునే పిల్లలను అడిగితే చూపిస్తారు.

బిల్లు తీసుకోండి. బిల్లు లేకపోతే రేపు అడిగే హక్కుకు బలం ఉండదు. మోసపోతే 1915కి ఫోను చెయ్యండి. అది వినియోగదారుల సాయం నంబరు.

ఒకప్పుడు ఒక్కో ఫోనుకు ఒక్కో పిన్ను ఉండేది. ఇంటి నిండా తీగలే. ఇప్పుడు దారి మారుతోంది. 2023 జనవరిలో మన ప్రమాణాల సంస్థ సి రకం పిన్నుకు భారత ప్రమాణం ప్రకటించింది. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2024 డిసెంబరు 28 నుంచి కొత్త ఫోన్లకు సి రకం తప్పనిసరి చేశారు. ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 తేదీ పెట్టారు. ఒకే ఛార్జరు ఇంటిల్లిపాదికీ పనికొస్తే డబ్బూ మిగులుతుంది, చెత్తా తగ్గుతుంది.

అత్త ఏం చేసింది?

అత్త సంత ఛార్జరును మళ్ళీ గోడకు పెట్టలేదు. పట్నంలో కొట్టుకు పోయింది. కోడలు, చంటిబిడ్డ కూడా వెంట ఉన్నారు. కొట్టువాడు మూడు ఛార్జర్లు చూపించాడు. "ఇది తీసుకో అవ్వా, చాలా ఫాస్టు" అన్నాడు.

అత్త కళ్ళద్దాలు పెట్టుకుంది. ఛార్జరును వెలుగులో పట్టుకుంది. వేలు పెట్టి చదివింది. "తొమ్మిది వి. రెండు ఎ. తొమ్మిది రెళ్ళు పద్దెనిమిది. నా ఫోను పెట్టె మీద కూడా పద్దెనిమిదే రాసి ఉంది. ఇది చాలు. గుర్తు ఉంది, నంబరు ఉంది. బిల్లు రాయి" అంది.

కొట్టువాడు మారు మాట్లాడకుండా బిల్లు రాశాడు.

ఇప్పుడు మబ్బు పడితే అత్త ముందే ఫోను ఛార్జింగు పెడుతుంది. గోడ మీద బొగ్గుతో 108 అని రాసింది. తన చేత్తో రాసింది.

చెయ్యండి – చెప్పండి

1. మీ ఇంట్లో ఛార్జరు తీసుకోండి. అవుట్‌పుట్ వరుస చదవండి. ఎన్ని వాట్లు?

2. ఒక ఛార్జరు మీద 5 వి, 2 ఎ అని ఉంది. ఇంకో దాని మీద 9 వి, 3 ఎ అని ఉంది. దేనికి బలం ఎక్కువ? ఎంత ఎక్కువ?

3. మీ ఇంట్లో ఫోను ఎక్కడ ఛార్జింగు పెడుతున్నారు? అక్కడ వేడి ఉందా? పసిపిల్లలకు అందుతుందా?

4. మీ ఊళ్ళో బిల్లు లేకుండా ఛార్జర్లు అమ్ముతున్నారా? సంఘం సమావేశంలో దీని గురించి మాట్లాడండి.